ఒక మనిషికి ఒకటే అంకె

మా బాబాయి ఇరవై ఏడేళ్ళపాటు లేని మనుషుల్ని వరసలో నిలబెట్టి జీతం తీసుకున్నాడు. వెటకారానికి అనడం లేదు, ఆయన ఉద్యోగమే అది. ప్రభుత్వ భవనాలు కట్టే ఆఫీసులో మూడో అంతస్తు చివర, ఎప్పుడూ పనిచెయ్యని లిఫ్టు పక్కన ఒక గది. అందులో రెండు కంప్యూటర్లు, తలుపు సరిగ్గా పడని ఒక ఇనప బీరువా, కదలకుండా ఒక కాలి కింద అట్టముక్క దోపిన బల్ల. ఆ బల్ల దగ్గర కూర్చునే ఆయన ఎక్కడా లేని లారీల్ని తోలాడు, పుట్టని రోగులకి మందులిప్పించాడు, ఇంకా కట్టని వంతెన మీద ట్రాఫిక్ ఆపేశాడు. దాన్ని సిమ్యులేషన్ అంటారు. ఆఫీసులో మాత్రం పాచికలాట అనేవాళ్ళు. ఆయన పాచికల బాబు అయ్యాడు. అటెండరు నుంచి ఇంజనీరు దాకా అందరికీ అదే పిలుపు.

సంబంధం మాట్లాడటానికి వచ్చినప్పుడు పిన్ని వాళ్ళ నాన్న "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగాడట. మా నాన్న నిజాయితీగా "ర్యాండమ్ అంకెలు పుట్టిస్తాడండీ" అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే నోటికొచ్చిన అంకెలు చెబుతాడా? మా వీధిలో అందరూ చేసేది అదేగా, జీతం మాత్రం ఎవరూ ఇవ్వరు" అన్నాడట.

నోటికొచ్చిన అంకె వేరు, ర్యాండమ్ అంకె వేరు. ఈ తేడా బాబాయి మా ఇంట్లో అందరికీ కనీసం పదిసార్లు చెప్పాడు. పదిలోపు ఒక అంకె చెప్పమని ఇంటిల్లిపాదినీ అడిగితే ఏడుగురిలో నలుగురు ఏడే అన్నారు. "చూశారా, మనిషి బుర్రకి అడ్డదిడ్డంగా ఉండటం కూడా చేతకాదు" అన్నాడాయన. పిన్ని పక్కనుంచి, "నేను మెట్టిన ఇంట్లో అందరికీ చేతనవును" అంది.

కంప్యూటర్లు రాకముందు ఆయన దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉండేది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అంకెలే. ఒక్క మాట ఉండదు, ఒక బొమ్మ ఉండదు. నేను కాలేజీలో చదవాల్సి వచ్చిన పుస్తకాలకంటే అదే నయం, కనీసం ఏదో చెబుతున్నట్టు నటించదు. బాబాయి దాన్ని గోధుమరంగు అట్టవేసి దాచుకున్నాడు. ఒక్కో అంకెనీ చూపుడువేలితో తాకి, వాడుకుని, పెన్సిలుతో కొట్టేసేవాడు. ఒక లారీకి ఇచ్చిన అంకె ఇంకో లారీకి ఇవ్వడు. "ఎంగిలి అంకె" అనేవాడు.

ఆ అంకెతో ఏం చేస్తాడంటే, సున్నాకీ ఒకటికీ మధ్య ఏదో ఒకటి తీసుకుంటాడు. ఆ మధ్యలో దేనికైనా సమానమైన అవకాశమే. కానీ లోకంలో ఏదీ అంత సమానంగా రాదు. లారీలు నాలుగు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు వస్తాయి, తర్వాత అరగంట చడీచప్పుడూ ఉండదు. కాబట్టి ఆ అంకెని ఒక సూత్రంలో వేసి మలచాలి. దాన్ని ఆయన పిండిమర అనేవాడు. పైన ఒకే రకం గింజ పోస్తే, కింద మనక్కావలసిన పిండి పడుతుంది. అంకెకి లాగరిథమ్ కట్టి, గుర్తు మార్చి, సగటుతో హెచ్చవేస్తే, ముందు లారీకీ వెనక లారీకీ మధ్య ఎన్ని నిమిషాల ఎడమో తేలుతుంది. చిన్న అంకె పడితే పెద్ద ఎడం, పెద్ద అంకె పడితే చిన్న ఎడం.

సూత్రం దొరకని వాటికి ఇంకో దారి. గ్రాఫు కాగితం మీద గీత గీసి, దాని చుట్టూ పెట్టె గీసి, పెట్టెలో గుడ్డిగా చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. గీతకి కింద పడిన చుక్కలు ఉంచుకోవాలి, పైన పడినవి పారెయ్యాలి. ఇంజనీరు ఒకరోజు ఇది చూసి, "అంటే చేసిన పనిలో సగం నువ్వే చెత్తబుట్టలో వేస్తావా?" అని అడిగాడు. "అవునండీ" అన్నాడు బాబాయి. "మిగతా సగం మేం వేస్తున్నాంలే" అన్నాడు ఇంజనీరు.

ఈ ఇంజనీరు సగటు మనిషి. పొగడ్తా కాదు, తిట్టూ కాదు. ఆయనకి లోకంలో సగటు తప్ప ఇంకేదీ కనపడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బాబాయికీ ఆయనకీ లారీల కాటా దగ్గర తగువు పడింది. గోడౌను ముందు లారీల్ని తూచే కాటా ఒకటి కట్టాలా, రెండు కట్టాలా? ఒక్కో లారీ తూచడానికి సరిగ్గా నాలుగు నిమిషాలు. లారీలు సగటున నాలుగున్నర నిమిషాలకొకటి. "ఒకటి చాలు, ఇంకా అర నిమిషం మిగుల్తుంది, కాటావాడు టీ తాగొచ్చు" అన్నాడు ఇంజనీరు. బాబాయి పుస్తకం తెరిచి, లారీకి ఒక అంకె చొప్పున వెయ్యి లారీల్ని కాగితం మీద తోలి, రెండు కావాలన్నాడు. "సార్, లారీలు గడియారం చూసుకుని రావండీ" అన్నాడు. ఎవరూ వినలేదు. ఒకటే కట్టారు. నెల తిరక్కుండానే లారీలు సినిమాహాలు మలుపు దాకా నిలిచిపోయాయి. డ్రైవర్లు రోడ్డు మీదే బట్టలు ఉతికి అద్దాల మీద ఆరేసుకున్నారు. అప్పుడు రెండోది కట్టారు.

ఆ ఒక్క గెలుపు మీదే బాబాయి ఇరవై ఏడేళ్ళు బతికాడు. సందర్భం ఉన్నా లేకపోయినా కాటా కథ చెప్పేవాడు. దాని వల్ల ఆయనకో సూత్రం కూడా ఏర్పడింది, బీరువా తలుపు మీద సుద్దతో రాసుకున్నాడు: ఒక మనిషికి ఒకటే అంకె. కంప్యూటరు వచ్చి, అంకెలు కుప్పలుతెప్పలుగా అదే పోస్తున్నా, ఆయన పొదుపు మానలేదు. అంకెలు పుట్టించడం మొదలుపెట్టడానికి కంప్యూటరుకి ముందు ఏదో ఒక అంకె ఇవ్వాలి. ఆయన తన పెళ్ళితేదీ ఇచ్చేవాడు. అదే తేదీ ఇస్తే ప్రతిసారీ అవే అంకెలు, అదే వరసలో వస్తాయి. "ఒకసారి పడ్డ గోతిలోనే మళ్ళీ పడగలిగితేనే కదా, ఎక్కడ పడ్డామో తెలిసేది?" అనేవాడు. పిన్ని ఒక చూపు చూసింది.

పిన్ని దర్జీ. ముందుగదిలో కుట్టు మెషీను, పొడుగు బల్ల, స్కూలు యూనిఫారాల గుట్టలు. బాబాయి ఆఫీసులో పనికిరాని ప్రింటు కాగితాలన్నీ ఇంటికి తెచ్చేవాడు, ఆవిడ వాటిని కాలర్లకీ చేతులకీ కటింగు పేపర్లుగా వాడేది. ఆయన చేసిన పనిలో ఊళ్ళో జనం నిజంగా ఒంటిమీద వేసుకుని తిరిగింది ఆ కాలర్లే.

ఆవిడకి రక్తపోటు. మోకాళ్ళు కూడా అంతంతమాత్రం. నెలకోసారి ప్రభుత్వాసుపత్రిలో మందుల కిటికీ ముందు నిలబడుతుంది. పాత ఆసుపత్రిలో ఒకటే కిటికీ, పొద్దున వచ్చిన జనానికి మధ్యాహ్నం దాకా ఇస్తూనే ఉంటారు. అక్కడ నిలబడి వచ్చిన రోజు సాయంత్రం మెషీను తొక్కలేదు.

బాబాయి రిటైరవడానికి ఆరు వారాలుందనగా ఆ ఆసుపత్రికి కొత్త భవనం పని మొదలైంది. ఆయనకి వచ్చిన చివరి పని అదే: మందుల గదికి ఎన్ని కిటికీలు పెట్టాలి? అది కాంక్రీటు గోడ. పోసేలోపు చెప్పాలి. పోశాక ఇంకో కిటికీ కొట్టాలంటే గోడ పగలగొట్టాలి, అది ఈ జన్మకి జరగదని అందరికీ తెలుసు. ఇంజనీరు రెండు అన్నాడు. బాబాయి స్టాప్‌వాచీ పట్టుకుని పాత ఆసుపత్రిలో తొమ్మిది రోజులు నిలబడ్డాడు. రెండు నిమిషాలకొక మనిషి వస్తున్నాడు. ఒక్కొక్కరికి కిటికీ దగ్గర నాలుగు నిమిషాలకి కాస్త తక్కువ పడుతోంది. అది సగటు. ఒకడు ఒక మాత్ర తీసుకుని పోతాడు, ఇంకొకడు ఇంటిల్లిపాది చీటీలూ తెచ్చి, ఏది పొద్దున వేసుకోవాలో ఏది రాత్రో మూడుసార్లు చెప్పించుకుంటాడు.

బాబాయి ఇదంతా కంప్యూటర్లో పోసి ఆరువందల రోజులు నడిపాడు. రెండు కిటికీలు చాలని తేలింది. ఒక్కొక్కరూ ఆగేది రెండు నిమిషాల్లోపే. సంతకం పెట్టి ఇచ్చేశాడు.

ఇంజనీరు ఆ కాగితం చదివి, కుర్చీలోంచి లేచి, చెయ్యి కలిపాడట. "పాచికల బాబూ, ఇరవై ఏడేళ్ళకి నువ్వూ నేనూ ఒక మాట మీదికొచ్చాం. ఇప్పుడు చచ్చిపోయినా ఫర్వాలేదయ్యా." బాబాయికి ఆ పూట అన్నం సయించలేదు. తప్పు ఉందని కాదు, ఇంజనీరు ఒప్పుకున్నాడని.

గురువారం పొద్దున కాంక్రీటు పోత. దాని ముందు ఆదివారం మధ్యాహ్నం పిన్ని మెషీను బెల్టు తెగితే మార్చడానికి వెళ్ళి నేను అక్కడే ఉన్నాను. ఆవిడ ఆసుపత్రి ప్రింటు కాగితం ఒకటి తీసి, కాలరు కోసం నిలువునా మడిచింది. ఆ కాగితంలో వరసకొక రోగి. ఎడమ అంచున ఆ మనిషి ముందువాడికి ఎన్ని నిమిషాల వెనక వచ్చాడో ఉంటుంది. కుడి అంచున కిటికీ దగ్గర ఎంతసేపు పట్టిందో ఉంటుంది. మధ్యలో గంటలూ నిమిషాలూ, ఎవరికీ అక్కర్లేని పదకొండు నిలువు వరసలు. బాబాయి ఎప్పుడూ చూసేది చివరి పేజీలో సగటు ఒక్కటే, ఇంజనీరుని అన్నన్ని మాటలు అన్న మనిషి. పిన్ని మడత పెట్టేసరికి ఎడమ అంచూ కుడి అంచూ పక్కపక్కకి వచ్చాయి.

సుద్దముక్క పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"ఏవండీ, ఇది ఎవరి కొలతలు?"

"కొలతలేంటి? రోగులు" అన్నాడు బాబాయి, పేపరు చదువుకుంటూ.

"ఇక్కడ ఆరు ఉంటే ఇక్కడ పదకొండున్నర ఉంది. కింద ఇది కొంచెమే, అదీ కొంచెమే. ఇదిగో, ఇదీ అంతే. ప్రతి వరసలోనూ మొదటిది పెరిగితే రెండోదీ పెరుగుతోంది."

"పెరిగితే?"

"భుజం పెరిగితే ఛాతీ పెరుగుతుంది. ఎందుకంటే రెండూ ఒకే ఒంటివి. ఇవి ఒకే ఒంటివా?"

"అది వచ్చిన ఎడం, ఇది మందులకి పట్టిన టైము. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"నేనడిగేదీ అదే. మీ కంప్యూటర్లో జనానికి ఇంత మర్యాద ఎవరు నేర్పారు? తోసుకుంటూ వచ్చే గుంపంతా ఒక్క మాత్ర వాళ్ళే. సంచెడు మందులవాడు మాత్రం అందరూ వెళ్ళి కిటికీ ఖాళీ అయ్యాక, నెమ్మదిగా వస్తున్నాడు. అలాంటివాణ్ణి నాకొక్కణ్ణి చూపించండి. నాకెప్పుడూ సంచివాడు నా ముందే ఉంటాడు, నా వెనక ఇంకో పదిమంది వచ్చేస్తారు."

బాబాయి పేపరు పక్కన పెట్టాడు. "నీకు తెలీదులే, అది లెక్క" అన్నాడు. అని, కాగితం లాక్కున్నాడు. చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి నీళ్ళ తొట్టి దగ్గర ఊరికే నిలబడ్డాడు.

ఆయన చేసిందేమిటో నాక్కూడా అర్థమైంది, నాకే అర్థమైందంటే అది ఎంత మోటు తప్పో ఊహించుకోండి. లారీలకి తూచే టైము అందరికీ ఒకటే, కాబట్టి లారీకి ఒక అంకె సరిపోయింది. రోగులకి రెండు విషయాలు మారతాయి: ఎప్పుడొస్తాడు, ఎంతసేపు తీసుకుంటాడు. రెండింటికీ రెండు అంకెలు తియ్యాలి. ఈయన పొదుపు మనిషి కదా, ఒక్కటే అంకె తీసి రెండు పిండిమరల్లోనూ పోశాడు. చిన్న అంకె పడితే మనిషి ఆలస్యంగానూ వస్తాడు, పెద్ద చీటీతోనూ వస్తాడు. ఒకరి ఎంగిలి ఇంకొకరికి పెట్టనన్న మనిషి, ఒక్కడికే అదే ముద్ద రెండుసార్లు పెట్టాడు.

పెరట్లోంచి వచ్చి, అటక మీంచి పాత అంకెల పుస్తకం దింపమన్నాడు. దింపాను. "కంప్యూటరు ఆఫీసులో ఉందిగా బాబాయ్, రేపు చూసుకోవచ్చుగా" అన్నాను.

"నోరుమూసుకుని గుండీలు అందించరా."

బాబాయి పిన్ని గుండీల డబ్బా బోర్లించి, కుట్టుబల్ల మీద రెండు సుద్ద గడులు గీశాడు. అవి కిటికీలు. గుండీలు రోగులు. ఒక్కో గుండీకి ఇప్పుడు రెండు అంకెలు, ఒకటి రావడానికి, ఒకటి మందులకి. పుస్తకంలో వేలు కదులుతోంది, పెన్సిలు కొట్టేస్తోంది. మొదట పది గుండీలూ బుద్ధిగా వెళ్ళిపోయాయి. పదకొండోది పెద్ద చీటీ. పన్నెండోదీ పెద్ద చీటీయే. రెండు కిటికీలూ నిండిపోయాయి. వెనక చిన్న చిన్న ఎడాలతో గుండీలు వచ్చిపడుతున్నాయి. వరస సుద్ద గీత దాటింది, కత్తెర దాటింది, కొలతల టేపు దాటింది. బల్ల చివర ఒక తెల్ల గుండీ అంచుమీంచి జారి కింద పడి, మెషీను కిందికి దొర్లిపోయింది.

"అది నేనే అయ్యుంటాను" అంది పిన్ని.

బాబాయి నవ్వలేదు. సోమవారం ఆఫీసులో కంప్యూటర్ని సరిచేసి, అదే పెళ్ళితేదీతో మళ్ళీ నడిపాడు. రెండు కిటికీలుంటే సగటున పావుగంట నిలబడాలి, పాడు రోజైతే చివర్లో వచ్చినవాళ్ళు గంట పైనే. మూడు కిటికీలుంటే ఒకట్రెండు నిమిషాలు. మంగళవారమంతా ఇంకో తేదీతో, ఇంకో తేదీతో నడిపి చూశాడు, ఎక్కడైనా తను గెలుస్తాడేమోనని. ఎక్కడా గెలవలేదు.

తప్పు ఒప్పుకోకపోతే ఎవరికీ తెలీదు. ఇది పిన్నికీ తెలుసు, ఆయనకీ తెలుసు. మూడు వారాల్లో రిటైరవుతాడు, దండ వేస్తారు, కాటా కథ ఇంకోసారి చెప్పుకుంటాడు. బుధవారం పొద్దున చొక్కా వేసుకుంటూ, "ఇరవై ఏడేళ్ళు ఆయన్ని సగటు సగటు అని ఏడిపించాను. ఇప్పుడు నా అంతట నేనే వెళ్ళి..." అని ఆగాడు.

"అయితే మానెయ్యండి" అంది పిన్ని, పిన్నీసులు పెదాల మధ్య పెట్టుకుని. "గంట నిలబడతాను. ఏమవుతుంది, పడిపోతే ఆసుపత్రిలోనేగా పడతాను."

ఆయన వెళ్ళాడు. ఇంజనీరు పని జరిగే చోటే ఉన్నాడు. గోడకి సెంట్రింగు అయిపోయింది. చెక్కలు బిగించి, లోపల ఇనప చువ్వలు కట్టి, కిటికీల చోట రెండు చెక్కపెట్టెలు పెట్టి ఉన్నాయి. సెంట్రింగు మేస్త్రి వాటి పక్కన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"సార్, మూడు కావాలి" అన్నాడు బాబాయి.

"ఏం మూడు?"

"కిటికీలు. నా రిపోర్టు తప్పు. రెండు చాలవు."

ఇంజనీరు ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నువ్వు కావాలనే చేస్తున్నావు కదూ? నాతో ఒక్కసారి ఒప్పుకున్నందుకు నీకు నిద్ర పట్టడం లేదు."

"లేదండీ. ఒకటే అంకె రెండుసార్లు వాడాను. తప్పు నాదే."

"తప్పు నాదే," అని ఇంజనీరు మేస్త్రి వైపు తిరిగి చెప్పాడు, పదార్థం బాగుందో లేదో రుచి చూస్తున్నవాడిలా. "మేస్త్రీ, విన్నావా? ఇంకోసారి చెప్పవయ్యా, కంకర మిక్సరు చప్పుడులో సరిగ్గా వినపడలేదు."

బాబాయి ఇంకోసారి చెప్పాడు.

"ఎవరు పట్టుకున్నారు? పైనుంచి ఎవరైనా అడిగారా?"

"మా ఆవిడ. కాలరు కత్తిరిస్తూ."

ఇంజనీరు చాలాసేపు నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, జేబులోంచి పెన్నూ కాగితమూ తీసి ఆయన ముందు పెట్టాడు. "రాసివ్వు. నా సగటు తప్పు కాదు, నీ పాచికలు తప్పు అని రాసి సంతకం పెట్టు. అది నా గదిలో గోడకి అంటించుకుంటాను. మూడో కిటికీ పెట్టిస్తాను."

బాబాయి పెన్ను అందుకున్నాడు. రాశాడు: 'నా పాచికలు తప్పు.' దాని కింద ఒక గీత గీసి మళ్ళీ రాశాడు: 'మీ సగటు కూడా తప్పే.' సంతకం పెట్టి ఇచ్చాడు. ఇంజనీరు చదివి, మొదటి సగం చింపుకుని జేబులో పెట్టుకుని, రెండో సగం ఆయన చేతిలోనే పెట్టాడు.

మేస్త్రి లేచి, చువ్వల్లోకి తల దూర్చి చూశాడు. "సార్, ఆ ఎత్తులో ఇంక చోటు లేదు. కట్టింది విప్పితే రేపు పోత ఆగుతుంది. కింద ఈ మూల కొంచెం సందుంది. అక్కడైతే పెట్టె దూర్చగలను, కానీ నడుం దగ్గరకొస్తుంది కిటికీ."

"దూర్చు" అన్నారు ఇద్దరూ ఒకేసారి. మేస్త్రి చెప్పగా విన్నాను, వాళ్ళిద్దరూ నిజంగా ఒక మాట మీదికొచ్చింది అదొక్కసారేనట.

రిటైరయిన రోజు దండ వేశారు. కాటా కథ చెప్పమన్నారు. బాబాయి కాలరు కథ చెప్పాడు. జనం దానికే ఎక్కువ నవ్వారు. ఇంజనీరు గదిలో ఆ సగం కాగితం ఇప్పటికీ గోడకి ఉందని విన్నాను. బీరువా తలుపు మీది సూత్రం మాత్రం ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు.

కొత్త ఆసుపత్రి తెరిచాక పిన్నితో పాటు బాబాయి కూడా వెళ్ళాడు, స్టాప్‌వాచీ జేబులో పెట్టుకుని. వెళ్ళకపోతే ఇంట్లో ఉండలేడు. నేను ఆటో కట్టించుకుని వాళ్ళతో పాటు వెళ్ళాను. ముగ్గురు కంపౌండర్లు మూడు కిటికీల వెనక. మూడోదాని దగ్గర మందులు తీసుకోవాలంటే మనిషి సగానికి వంగాలి. వరసలు పొట్టిగా ఉన్నాయి. పిన్ని రెండు నిమిషాల్లో కిటికీ దగ్గరికి చేరింది, అది మూడోది. వంగింది. మోకాళ్ళు పట్టుకుని ఇంకాస్త వంగింది.

"ఏవండీ, తప్పు చేసింది మీరు, వంగాల్సింది నేనా?" అంది కిటికీలోకి తల పెట్టుకునే. లోపల కంపౌండరు అది తననే అన్నదనుకుని, "నేనేం చేశానమ్మా?" అన్నాడు.

అదే సమయానికి ఆవిడ వెనకే, అడుగు దూరంలో, ఒకాయన సంచి నిండా చీటీలు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక నలుగురు తోసుకుంటూ వచ్చేశారు. బాబాయి మొహం వెలిగిపోయింది. స్టాప్‌వాచీ నొక్కి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"చూశావురా, సంచివాడు! గుంపుతోనే వచ్చాడు!"

ఆ సంచాయన బాబాయి వైపు అనుమానంగా చూసి, సంచి రెండో చేతిలోకి మార్చుకుని, పై కిటికీ వరసలోకి వెళ్ళిపోయాడు.